బృందం పెట్టే ముందు, మొదట వచ్చే మనిషి మాట వినడానికి సిద్ధపడండి

మీ నివాస సముదాయంలో కొందరు కలిసి లైంగిక హింసను అరికట్టడానికి, బాధితులకు అండగా నిలవడానికి ఒక బృందం పెట్టాలనుకుంటున్నామని, ఊరేగింపుతో మొదలుపెట్టి ఆ తర్వాత ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇప్పించే ఆలోచనలో ఉన్నామని రాశారు. అది సరైన దారేనా అని అడిగారు. బాధితులకు తోడుగా ఆసుపత్రికి, పోలీసు స్టేషన్‌కు, కోర్టుకు వెళ్లే స్వచ్ఛంద బృందంలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఊరేగింపు కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు. ఎవరైనా వచ్చి తమకు జరిగింది చెప్పుకుంటే మీ పదిమందీ ఎలా వింటారు, ఏం చేస్తారు అన్నది మాత్రం ముందే తేలాలి. ఎందుకంటే మీరు బయట నిలబడి ఈ విషయం మాట్లాడిన రోజే ఎవరో ఒకరు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. అప్పటికి మీ చేతిలో నినాదాలు తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ మనిషి మరొకరి దగ్గర నోరు విప్పే అవకాశం తగ్గిపోతుంది.

వచ్చేవారు చెప్పేది సాధారణంగా చీకట్లో ఎదురైన అపరిచితుడి గురించి కాదు. భర్త, బంధువు, గురువు, పై అధికారి, కుటుంబ స్నేహితుడు, అంటే చాలావరకు మీకూ తెలిసిన మనిషి గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనాల ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితకాలంలో భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసనో, ఇతరుల చేతిలో లైంగిక హింసనో ఎదుర్కొన్నవారే. మగపిల్లలు, పురుషులు కూడా వస్తారు. వాళ్లు నోరు విప్పడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందని నా అనుభవం. అందుకని మీ బృందాన్ని ఆడపిల్లల రక్షణ బృందంగా మాత్రమే ప్రకటించుకోవద్దు.

వినడం సులువుగా కనిపిస్తుంది కానీ, మంచివాళ్లే ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. అక్కడికి ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు అనే మూడు ప్రశ్నలు ఏ దురుద్దేశమూ లేని నోటి నుంచి కూడా వచ్చేస్తాయి. స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది స్త్రీలతో చేసిన పరిశీలన 2017లో వెలువడింది. దాడి జరుగుతున్నప్పుడు తమ శరీరం గణనీయంగా బిగుసుకుపోయిందని, కదలలేకపోయామని వాళ్లలో 70 శాతం మంది చెప్పారు. కాబట్టి అరవలేదన్నది సమ్మతికి గుర్తు కాదు, అబద్ధానికీ గుర్తు కాదు. చెప్పే వరుస తప్పినా, ఒక వివరం రెండోసారి మరో రకంగా వచ్చినా, దాన్ని సరిచేయించే పని మనది కాదు. విచారణ చేయడానికి వేరే మనుషులు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నాటి వైద్య కరదీపికలో తొలి ఆసరాకు ఐదు మెట్లు చెప్పింది: శ్రద్ధగా వినడం, ఇప్పుడు ఏం కావాలో అడగడం, నమ్ముతున్నామని, తప్పు తనది కాదని తెలియజెప్పడం, తక్షణ భద్రత గురించి కలిసి ఆలోచించడం, తదుపరి సాయం దగ్గరికి చేర్చడం. మా బృందంలో కొత్తగా చేరినవారితో వీటిని జంటలుగా కూర్చోబెట్టి అభ్యాసం చేయిస్తాం. మధ్యలో సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినడం ఎంత కష్టమో అప్పుడు అందరికీ తెలిసివస్తుంది.

తోడు వెళ్లడం అంటే ఏమిటో ఒక సందర్భం చెబుతాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర మా ముందూ వెనుకా జనం ఉన్నారు. లోపలి ఉద్యోగి తలెత్తకుండానే, అందరికీ వినపడేలా, ఏమైందని అడిగాడు. నా పక్కనున్న ఆమె చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. నేను ఒక కాగితంపై రెండు వాక్యాలు రాసి, ఆమెకు చూపించి, ఆమె తలూపాక కిటికీలోంచి అందించాను. అతను చదివి, స్వరం తగ్గించి, పక్క గదిలో కూర్చోమన్నాడు. అతను కఠినుడేమీ కాదు, అలవాటుగా అడిగాడంతే. కానీ ఆ కాగితం లేకపోతే ఆమె అక్కడి నుంచే వెనుదిరిగేది. ఈ పనిలో చాలా భాగం ఇలాంటి చిన్న చిన్న అడ్డు తొలగింపులే: మార్చుకోవడానికి బట్టల జత, ఫోన్ చార్జర్, చేసే ప్రతి పరీక్ష ఎందుకో ముందుగా అడిగి చెప్పించడం, వద్దన్న పరీక్షను వద్దనే హక్కు ఉందని గుర్తుచేయడం. దీని వల్ల నిజంగా తేడా ఉంటుందా అని సందేహించేవారికి అమెరికా పరిశోధకురాలు రెబెక్కా క్యాంప్‌బెల్ 2006లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తోడు మనిషి ఉండే ఆసుపత్రిని, లేని ఆసుపత్రిని పోల్చి చూస్తే, తోడు ఉన్నచోట బాధితులకు వైద్య సేవలు ఎక్కువగా అందాయి, పోలీసులు ఫిర్యాదు రాసుకోవడం ఎక్కువగా జరిగింది, మనసు నొచ్చే మాటలు పడటం తగ్గింది.

కాలం లెక్కలు మాత్రం బృందంలో ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధకం ఐదు రోజుల వరకు ఇవ్వవచ్చు కానీ, ఎంత ముందైతే అంత మేలు. ఆనాటి బట్టలను ఉతకకుండా ప్లాస్టిక్ సంచిలో కాక కాగితపు సంచిలో పెట్టాలి, ఎందుకంటే ప్లాస్టిక్‌లో తేమ నిలిచి ఆనవాళ్లు పాడవుతాయి. స్నానం చేసేసినా, రోజులు గడిచిపోయినా వైద్యం మాత్రం ఎప్పుడూ వృథా కాదు. ఈ మాట విడిగా చెప్పాలి, లేకపోతే ఇక లాభం లేదనుకుని ఆగిపోతారు.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన విషయం. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మా బృందంలోనే దీనిపై గట్టి వాదనలు జరిగాయి. ఫిర్యాదు చేయకపోతే వాడు రేపు ఇంకొకరిని వేధిస్తాడు కదా అని, ఆమెను ఒప్పించడం మన బాధ్యత అని కొందరు అంటారు. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది కానీ, ఆ మాటతో వాడు రేపు చేయబోయే నేరాల బరువును కూడా ఆమె నెత్తినే పెడుతున్నాం. ఒకసారి తన శరీరం మీద తన మాట చెల్లని మనిషికి, ఇప్పుడు సాయం పేరుతో మళ్లీ తన మాట చెల్లకుండా చేయడం తగదు. ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుంది, ఎంత కాలం పట్టవచ్చు, ఏ దశలో ఎవరు ఏం అడుగుతారు, చేయకపోతే ఏ దారులు మిగులుతాయి అన్నది దాచకుండా చెప్పి ఆగాలి. కొందరు నెలల తర్వాత వచ్చి, ఇప్పుడు వెళ్దామంటారు. కొందరు ఎప్పటికీ రారు. పిల్లల విషయం మాత్రం వేరు. చాలా దేశాల్లో పిల్లలపై జరిగిన నేరం తెలిసినవారు అధికారులకు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి. మీ చట్టం ఏం చెబుతోందో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. ఎవరికీ చెప్పనని పిల్లవాడికి మాట ఇచ్చి తర్వాత తప్పవద్దు, రహస్యంగా ఉంచలేని సంగతులు ఉంటాయని వినడానికి ముందే చెప్పండి.

రాజీ ఒత్తిడికి కూడా సిద్ధంగా ఉండాలి. నలుగురు పెద్దమనుషులు ఇంటికి వచ్చి, కుటుంబ పరువు, అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి భవిష్యత్తు అంటూ మెత్తగా మాట్లాడతారు. అలాంటప్పుడు వాదనకు దిగకుండా, ఆ మాటలు ఆమెదాకా వెళ్లకుండా మాలో ఒకరు కుటుంబంతో కూర్చుంటారు. ఎవరు, ఏ తేదీన వచ్చారు, ఏమన్నారు అన్నది ఆమె అనుమతితో రాసిపెడతాం. మాటలు బెదిరింపుగా మారితే ఆ కాగితం పనికొస్తుంది.

నివారణ గురించి అడిగారు. ఆత్మరక్షణ శిక్షణను నేను పూర్తిగా కొట్టిపారేయను. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల మొదటి ఏడాది విద్యార్థినులతో చార్లీన్ సెన్ బృందం చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. శిక్షణ పొందినవారిలో ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. అయితే మొత్తం 12 గంటల ఆ శిక్షణలో పిడిగుద్దులు ఒక భాగం మాత్రమే. తెలిసిన మనిషి నుంచి వచ్చే ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటాన్ని దాటి వద్దని చెప్పడం, తనకు ఏం కావాలో తాను తెలుసుకోవడం మిగతా సారం. ఒక్క ఆదివారం కరాటే ప్రదర్శన పెట్టి ఆ ఫలితం ఆశించలేం. పైగా అదొక్కటే చేస్తే, జాగ్రత్త పడాల్సింది ఆడపిల్లలేనన్న పాత పాఠాన్నే మళ్లీ చెప్పినట్టవుతుంది.

చుట్టూ ఉన్నవారిని మార్చే పని నెమ్మదిగా సాగుతుంది. ఉగాండా రాజధాని కంపాలాలో ‘సాసా’ అనే కార్యక్రమం బయటి ఉపన్యాసకులతో కాక, అదే వాడల్లో ఉండే సాధారణ స్త్రీపురుషులతో ఏళ్ల తరబడి ఇంటి ముందు, పని దగ్గర మాటలు కదిలించింది. 2014లో వచ్చిన ఫలితాల్లో, కార్యక్రమం జరిగిన వాడల్లో భాగస్వామి చేతి శారీరక హింస మిగతా వాడలకన్నా 52 శాతం తక్కువగా తేలింది. లైంగిక హింస విషయంలో తగ్గుదల అంత స్పష్టంగా రాలేదు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించినది మరొకటి: హింసకు గురైన స్త్రీలకు చుట్టుపక్కల వారి నుంచి సరైన ఆసరా దొరికే అవకాశం ఆ వాడల్లో ఎక్కువైంది. మీరు కూడా మగవాళ్ల గుంపుల్లో సాగే వెకిలి మాటల దగ్గరే మొదలుపెట్టవచ్చు. అలాంటి మాట విన్నప్పుడు సంభాషణ మళ్లించడం, వేధింపు కనిపిస్తే వెళ్లి ఆమె పక్కన నిలబడటం, మనవల్ల కానప్పుడు మరొకరిని పిలవడం మామూలు మనుషులు నేర్చుకోగలిగినవే.

చివరగా, అభియోగం మీ బృంద సభ్యుడిపైనో, మీకు స్థలమిచ్చి చందా ఇచ్చే పెద్దమనిషిపైనో వస్తే ఏం చేస్తారో మొదటి సమావేశంలోనే రాసుకుని అందరూ సంతకం చేయండి. మేము రాసుకున్నది ఇలా ఉంది: ఆ వ్యక్తి ఆ రోజు నుంచే అన్ని బాధ్యతల నుంచి తప్పుకుంటాడు, అతనికి బంధువులైనవారు, సన్నిహితులు ఆ విషయంలో నోరెత్తరు, బాధితురాలికి తోడుగా బయటి బృందం మనిషిని పిలుస్తాం. అతని పేరు బయటపడ్డాక ఆ నియమం రాయడానికి కూర్చుంటే, ప్రతి వాక్యం అతని ముఖం చూసే రాస్తారు.