తుపాను బులెటిన్ చదవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: పది రోజుల తర్వాత బందరు దగ్గర తుపాను తీరం దాటుతుందంటూ విండీ అనే వాతావరణ యాప్ బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. వాతావరణ శాఖేమో ఇంకా అల్పపీడనమే అంటోంది. ఏది నమ్మాలి? – పాఠకుడు, రేపల్లె

జవాబు: ఆ బొమ్మ ఒక కంప్యూటర్ మోడల్ ఒక పూట వేసిన లెక్క, అంతే. ఆ మోడల్‌ను రోజుకు నాలుగుసార్లు మళ్లీ నడుపుతారు. పొద్దున ఒంగోలు చూపించింది రాత్రికి ఒడిశాలోని గోపాల్‌పూర్ చూపించినా వింతేం లేదు. వాట్సాప్‌కు ఎక్కేది మాత్రం అన్నిటికన్నా భయపెట్టే పూటదే! యాప్‌లో జీఎఫ్‌ఎస్, ఈసీఎండబ్ల్యూఎఫ్ (అమెరికా, ఐరోపా మోడళ్లు) రెండూ మార్చి చూడండి. రెండు రోజులు వరసగా రెండూ ఇంచుమించు ఒకే తీరాన్ని చూపిస్తే అప్పుడు చెవిన వేసుకోండి. అల్పపీడనానికి కేంద్రమే కుదురుగా ఉండదు. గాలి గంటకు 31–50 కిలోమీటర్లకు చేరి వాయుగుండమయ్యాక వాతావరణ శాఖ దారి పటం ఇస్తుంది. పేరు పెట్టేది 63 దాటి తుపాను అయ్యాకే.

ప్రశ్న: బులెటిన్‌లో అక్షాంశం, రేఖాంశం ఇస్తారు. వాటితో తుపాను మా ఊరికి ఎప్పుడొస్తుందో మేమే లెక్క కట్టుకోవచ్చా? – పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: కట్టుకోవచ్చు. గళ్ల కాగితం, స్కేలు, ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. రేఖాంశంలో మన తీరం దగ్గర సుమారు 107–108.

లెక్క కోసం ఊహించిన అంకెలు తీసుకుందాం. ఉదయం 8:30కు కేంద్రం 13.0 ఉత్తరం, 84.5 తూర్పు. మధ్యాహ్నం 2:30కు 13.6, 83.8. అంటే ఉత్తరానికి 0.6 డిగ్రీ, అది 67 కిలోమీటర్లు. పడమరకు 0.7, అది 76. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 101. ఆరు గంటల్లో 101 కిలోమీటర్లంటే గంటకు 17. అక్కడి నుంచి మచిలీపట్నం 400 కిలోమీటర్ల పైచిలుకు. వేగం, దిశ మారకపోతే దాదాపు 24 గంటలు, అంటే మర్నాడు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతం.

అది కేంద్రం వచ్చే వేళ. గాలి అంతకు ముందే వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలులు కేంద్రం నుంచి 120 కిలోమీటర్ల దాకా వీస్తుంటే ఏడు గంటల ముందే, ఉదయం ఏడున్నరకే, మీ రేకులు ఎగరడం మొదలవుతుంది. పనులన్నీ ఆ వేళకు పూర్తి కావాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పులు రెండు. బులెటిన్ బయటికొచ్చిన టైమునే స్థానం టైముగా రాసుకుంటారు. 8:30 స్థానం మీ చేతికి అందేసరికి గంట పైనే గడిచిపోతుంది, కాబట్టి లోపల ఏ గంటకు అని రాశారో అదే తీసుకోండి. యూటీసీలో (గ్రీనిచ్ సమయంలో) ఉంటే అయిదున్నర గంటలు కలపండి. రెండోది, మూడు గంటల తేడాతో వేగం కట్టడం. స్థానాన్ని 0.1 డిగ్రీకి, అంటే సుమారు 11 కిలోమీటర్లకు, సరిచేసి ఇస్తారు. మూడు గంటల లెక్కలో ఆ ఒక్క సవరణే గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు అటూ ఇటూ చేస్తుంది. కనీసం ఆరు గంటల తేడా ఉండాలి, పన్నెండైతే ఇంకా మంచిది.

ప్రశ్న: ఓడరేవులో ఐదో నంబరు తుపాను హెచ్చరిక తీసి ఆరో నంబరు ఎగరేశారు. ప్రమాదం ఒక మెట్టు పెరిగినట్టేనా? – పాఠకుడు, కాకినాడ

జవాబు: మెట్టు కాదు, పక్క మారింది. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే తీవ్రతకు చెందినవి. ఐదు అంటే తుపాను రేవును తన ఎడమకు వదిలి దాటుతుందని, ఆరు అంటే కుడికి వదులుతుందని, ఏడు అంటే రేవు మీదుగానో ఆనుకునో దాటుతుందని. తీవ్ర తుపానుకు అదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు ఎగిరిందంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

పక్క మారడం మన తీరంలో చిన్న విషయం కాదు. పడమరకు వచ్చే తుపానుకు కుడి అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది, ఉప్పెన అటే లేస్తుంది. ఎడమన గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. తుపాను బాపట్ల దగ్గర దాటితే నిజాంపట్నం, దివిసీమ కుడివైపున పడతాయి. కాబట్టి ఆరో నంబరుకు లంకల్లో, తీర గ్రామాల్లో ఉన్నవాళ్లు ఐదు కంటే ఎక్కువే జాగ్రత్త పడాలి. ఉప్పెన ఎత్తు అంచనాను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇస్తుంది. దాన్ని ఆ రోజు పోటు వేళతో కలిపి చూసుకోండి.

ప్రశ్న: అమ్మానాన్న అవనిగడ్డలో ఉంటారు. ఇక్కడి అమెరికన్ సైట్‌లో గాలి వేగం మన వాళ్లు చెప్పేదానికన్నా ఎక్కువ ఉంటోంది. ఎందుకని? – పాఠకుడు, డాలస్

జవాబు: అమెరికా నేవీ వాళ్ల కేంద్రం ఒక నిమిషం సగటు గాలి చెబుతుంది, మన శాఖ మూడు నిమిషాల సగటు. సగటు తీసే సమయం తగ్గితే అంకె పెరుగుతుంది. పైగా అక్కడ నాట్లలో (సముద్రంలో వాడే వేగం కొలత) ఇస్తారు, కిలోమీటర్లకు 1.85తో గుణించండి. రెండు సైట్ల అంకెలు కలిపి ‘తుపాను బలపడింది’ అని ఇంటికి ఫోన్ చెయ్యకండి. ఒకే సైట్‌లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి.

ప్రశ్న: డిసెంబరు తుపాను బలహీనపడిందని టీవీలో చెప్పారు. వరి కోసి పనల మీద ఉంది. ఇక భయం లేదా? – రైతు, తెనాలి

జవాబు: గాలి భయం తగ్గుతుంది, వాన భయం ఉంటుంది. ఈ కాలంలో పై గాలులు తుపాను తలను పక్కకు నెట్టేస్తాయి, వాయవ్యం నుంచి పొడిగాలి చొరబడుతుంది, తీరం దగ్గర నీళ్లూ చల్లబడి ఉంటాయి. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా బయలుదేరి మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. ఆ మరుసటి నెల మాదీ ఉత్తరానికి వెళ్తూ వెళ్తూ నైరుతికి తిరిగి తమిళనాడులో వేదారణ్యం దగ్గర దాటింది. అలాగని ధీమా పనికిరాదు. 2023లో మిచౌంగ్ తీరం వెంట నెమ్మదిగా కదిలి చెన్నైని ముంచింది, డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. నెమ్మదిగా కదిలేదాన్నే ఎక్కువ అనుమానించాలి. మేఘం కేంద్రానికి దూరంగా పడి ఉంటుంది కాబట్టి మచిలీపట్నం, చెన్నై రాడార్ బొమ్మల్లో వాన ఎక్కడుందో చూడండి, కేంద్రం గుర్తు ఎక్కడుందన్నది ఈ పనికి అంత ముఖ్యం కాదు.

పనలు ఆరి ఉంటే వెంటనే కుప్ప వేసి బరకం కప్పండి. తడిసిపోతే మొలక రాకుండా 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల కల్లుప్పు, పనలు బాగా తడిసేలా పిచికారీ చేయండి. కోయని చేను ఉంటే తొందరపడి కోయకండి. మడి గట్లు తెంచి నీళ్లు పోయే దారి మాత్రం వాన మొదలుకాక ముందే చేసి పెట్టుకోండి.