షాపులో బుద్ధిగా పనిచేసి ఇంట్లో రీస్టార్ట్ అయ్యే డెస్క్‌టాప్: మదర్‌బోర్డు మార్చే ముందు

మదర్‌బోర్డు ఇప్పుడే మార్చకండి. ఆ డబ్బు ఇంకో రెండు వారాలు జేబులోనే ఉండనివ్వండి.

మీరు చెప్పినదాన్నిబట్టి సంగతి ఇదీ: ఐదేళ్ల నాటి సిస్టం, పదో తరం ఐ5, రెండు 8 జీబీ ర్యామ్‌లు, ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు. ఒక్కోసారి రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు రోజులకోసారి తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది. విండోస్ క్రాష్ అయిందని చెప్పే బ్లూ స్క్రీన్ కనిపించదు. చిత్తూరులో షాపులో రెండు రోజులు ఉంచితే ఒక్కసారి కూడా కాలేదు, అయినా "బోర్డే అయ్యుంటుంది, మార్చేద్దాం" అన్నారు. ఇంటికి తెచ్చిన సాయంత్రమే మళ్లీ మొదలు.

నాకూ అచ్చం ఇలాగే జరిగింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. నేను తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటా, ఇంట్లోనే పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తా. మూడేళ్ల కిందట వేసవిలో, ముహూర్తాలు మీద పడి రాత్రి పొద్దుపోయేదాకా పని చేస్తున్న రోజుల్లో, ఫైల్ ఎక్స్‌పోర్ట్ అవుతుండగా సిస్టం ఒక్కసారిగా ఆగి, కంపెనీ లోగో చూపించి మళ్లీ లేచేది. మానిటరు మాత్రం ఆరేది కాదు. ఇంట్లో లైట్లు, ఫ్యాను అన్నీ మామూలే. కాబట్టి కరెంటు సమస్య కాదు, సీపీయూలోనే ఏదో ఉంది అని నేను గట్టిగా నమ్మేశా. ఆ నమ్మకానికి నాకు అయిన ఖర్చు, కొత్త ర్యామ్, కొత్త ఎస్ఎంపీఎస్ (డబ్బా లోపలుండే పవర్ సప్లై), రెండుసార్లు సర్వీస్ చార్జీ. షాపులో వాళ్లు మంచివాళ్లే, మోసం ఏమీ చేయలేదు, కానీ వాళ్ల దగ్గర పెడితే అది పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా పనిచేసేది. ఎదురుగా జరగని తప్పును వాళ్లు మాత్రం ఎక్కడని వెతుకుతారు?

చాలా రోజుల తర్వాత వెలిగిన విషయం ఏమిటంటే, షాపుకి వెళ్లింది ఆ డబ్బా ఒక్కటే. నా యూపీఎస్ వెళ్లలేదు. పవర్ కేబుల్ వెళ్లలేదు, షాపులో వాళ్ల కేబుల్ పెట్టుకున్నారు. గోడకున్న సాకెట్, స్పైక్ బాక్స్, నా ప్రింటరు, పెన్ టాబ్లెట్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, మిట్టమధ్యాహ్నం మా గదిలో ఉండే వేడి, ఇవేవీ వెళ్లలేదు. షాపులో రెండు రోజులు రీస్టార్ట్ కాకపోవడం అంటే "లోపం దొరకలేదు" అని మనం ఉసూరుమంటాం గానీ, నిజానికి అది మంచి సాక్ష్యం. డబ్బా లోపలి వస్తువుల మీద అనుమానం కొంత తగ్గి, ఇంట్లో మిగిలిపోయిన వాటి మీద పెరగాలి. మేమేమో తలకిందులుగా చేశాం. మీ షాపు వాళ్లు ఇప్పుడు చెబుతున్నదీ అదే.

ఆ తర్వాత నేను చేసిన తెలివైన పని ఒక్కటే, పది రూపాయల నోట్‌బుక్ కొనడం. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడు ఏ పని నడుస్తోంది, గదిలో, ఇంట్లో, బయట ఏం జరుగుతోంది, అంతా రాశా. మొదటి వారం ఏమీ తేలలేదు. ఉదయం 6:40, సాయంత్రం 5:15, రాత్రి 9, మధ్యాహ్నం 2, ఇలా దేనికీ దేనికీ పొంతన లేదు. ఎనిమిదో ఎంట్రీయో తొమ్మిదో ఎంట్రీయో రాస్తుంటే కింద నుంచి నీళ్ల మోటారు చప్పుడు వినిపించింది. వెనక్కి తిప్పి చూస్తే ఇంకో రెండు చోట్ల కూడా "మోటారు" అని నేనే రాసి ఉన్నా, పట్టించుకోలేదంతే.

కిందికి దిగి వాచ్‌మన్‌ని అడిగా, "మోటారు ఏ టైముకి వేస్తావన్నా?" అని. "టైమేముంది సార్, ఎవరన్నా ఫోన్ చేసి నీళ్లు రాలేదంటే వేస్తా" అన్నాడు. వేసవిలో అందరూ ఫోన్ చేస్తారు కదా. నా టైములకు పొంతన లేకపోవడానికి కారణం అదీ.

అసలు జరుగుతున్నది ఇది. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, బిల్డింగ్ వైరింగ్‌లో వోల్టేజీ ఓ క్షణం పడుతుంది. వేసవిలో ఏసీల వల్ల అది ముందే తక్కువగా ఉంటే ఇంకా కిందికి పోతుంది. నా యూపీఎస్ దాన్ని చూసి బ్యాటరీ మీదికి మారుతుంది. ఆ బ్యాటరీ 12 వోల్టుల 7 ఏహెచ్‌ది, కొని మూడేళ్లు దాటింది. యూపీఎస్ మీద 200 వాట్ల లోడు ఉంటే, నష్టాలు కలుపుకుని బ్యాటరీ ఇరవై ఆంపియర్ల దాకా ఇవ్వాలి. ముసలి బ్యాటరీ అంత ఒక్కసారిగా ఇవ్వలేదు, దాని వోల్టేజీ కుప్పకూలుతుంది, యూపీఎస్ చేతులెత్తేస్తుంది, సీపీయూ పడిపోతుంది. అంతలో గోడ కరెంటు సర్దుకుంటుంది, సీపీయూ మళ్లీ లేస్తుంది. మానిటరు ఎందుకు ఆరలేదంటారా, దాన్ని నేను యూపీఎస్‌కి కాకుండా నేరుగా గోడకే పెట్టా! అది తాగేది పాతిక వాట్లు, చిన్న వోల్టేజీ తేడాలు దానికి లెక్కే కాదు. నన్ను నెలన్నర దారి తప్పించింది ఆ మానిటరే.

అప్పుడే ఎందుకు యూపీఎస్‌ని అనుమానించలేదని మీరు అడగొచ్చు. అనుమానించా, టెస్ట్ కూడా చేశా. గోడ ప్లగ్ పీకితే సిస్టం ఐదు నిమిషాలు నడిచింది, కాబట్టి యూపీఎస్ బ్రహ్మాండం అని వదిలేశా. ఆ ఐదు నిమిషాలూ సిస్టం ఖాళీగా డెస్క్‌టాప్ చూపిస్తూ కూర్చుంది, అదీ తేడా. బరువైన ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా పీకితే ఒక్క సెకను కూడా ఆగలేదు. మోటారు ఒక్కటే చాలదు, బరువైన పని ఒక్కటే చాలదు, రెండూ ఒకే క్షణంలో కలవాలి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపాల్లో చాలావాటికి ఇలా రెండు కారణాలు కలవాల్సి ఉంటుంది, అందుకే ఒకటి పట్టుకుని చూస్తే ఏమీ కనిపించదు. బ్యాటరీ మార్చడానికి నాకు పదకొండు వందలు అయింది, అంతే. కొత్త ర్యామ్ మాత్రం ఇప్పటికీ వాడుకుంటున్నా, పోనీలెండి.

మీది కూడా యూపీఎస్సే అని నేను అనడం లేదు. కానీ ముందు దాన్ని పక్కన పెట్టి, నేరుగా గోడకి పెట్టి నడపండి, అప్పటికీ తగ్గకపోతే వేరే కేబుల్‌తో, ఆ తర్వాత వేరే సాకెట్‌లో. సీపీయూ వెనక కేబుల్ దూరే చోట లూజుగా ఊగుతుంటే ఆ కేబుల్‌ని అసలు వాడకండి. కేబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమంటోందా? అయితే ఎర్తింగ్ సరిగా లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి, అది సిస్టం కోసమే కాదు, మీ కోసం కూడా.

బ్లూ స్క్రీన్ రాలేదన్నారు. రాకపోవడం వేరు, వచ్చినా మీరు చూడకపోవడం వేరు. విండోస్‌లో క్రాష్ అవగానే దానంతటదే రీస్టార్ట్ అయ్యే ఆప్షన్ ముందే ఆన్ చేసి ఉంటుంది, సిస్టం ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి ఆ టిక్ తీసేయండి. తర్వాత ఈవెంట్ వ్యూయర్ (విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరిస్తే కెర్నెల్-పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని కంగారుపడకండి. "పద్ధతిగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచాను" అని చెప్పడం తప్ప అది కారణం చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అని ఉంటుంది, అది సున్నా అయితే విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం, కరెంటు వైపు గానీ, ఒక్కసారిగా బిగుసుకుపోవడం గానీ. సున్నా కాకపోతే డ్రైవర్లు, ర్యామ్ వైపు చూడాలి. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో ఎంట్రీలు ఉంటే మాత్రం ప్రాసెసరో, బోర్డో, కార్డో నిజంగానే మూలుగుతోందని లెక్క. నావన్నీ సున్నాలే. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసి ఉంటే ర్యామ్ కొనేవాణ్ణే కాదు.

ర్యామ్ అంటే గుర్తొచ్చింది. మా బావమరిది చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో కాటా రూములో పనిచేస్తాడు. ఏడాదంతా బాగుండే సిస్టం జూన్, జూలైలో, తోతాపురి లోడ్లు వరసకట్టే రోజుల్లోనే, హ్యాంగ్ అయ్యేది. బయట ట్రాక్టర్ల క్యూ, లోపల వీడికి టెన్షన్. అందరూ ఎండ వల్ల వేడెక్కుతోందని టేబుల్ ఫ్యాను తెచ్చి కేబినెట్‌కి ఎదురుగా పెట్టారు, ఏం లాభం లేదు. చివరికి వాడే గమనించాడు, ఖాళీ ట్రాక్టరు ఎక్కితే ఏమీ కాదు, నిండు లారీ కాటా ఎక్కి బ్రేకు వేస్తేనే, టేబుల్ మీద టీ గ్లాసు వణికినప్పుడే, స్క్రీన్ బిగుసుకుపోతోంది. రాత్రి లోడ్లు ఆగాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అది నడుస్తుండగా కేబినెట్ పక్కన అరచేత్తో మెల్లగా తట్టాడు, తట్టిన ప్రతిసారీ ఎర్ర లైన్లు. ర్యామ్ ఒక చివర క్లిప్ పూర్తిగా పడలేదు, అంతే. తీసి, బంగారు రంగు కాంటాక్ట్‌లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కి పెట్టాడు. ఈ తట్టే పద్ధతి మీరూ చేయొచ్చు గానీ, లోపల పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ముందు సిస్టం ఆపి దాని కేబుళ్లు పీకేయండి, తిరుగుతున్న డిస్క్‌కి కుదుపు మంచిది కాదు.

మెమ్‌టెస్ట్ ఒక్క రౌండ్ నడిపి "పాస్" అని మురిసిపోకండి, రాత్రంతా వదిలేయండి. తప్పు కనిపిస్తే ఒక్కో ర్యామ్‌ని విడిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూస్తే తప్పు ర్యామ్‌దా, స్లాట్‌దా అన్నది తేలుతుంది. బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగుల్లో, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఆప్షన్) ఆన్‌లో ఉంటే ముందు అది ఆఫ్ చేయండి.

ఎస్ఎంపీఎస్ విషయానికి వస్తే, 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి, బయోస్‌లో కనిపించే అంకెను వేదంలా నమ్మొద్దు, మల్టీమీటరు మేలు. అదీ లోడు ఉన్నప్పుడు కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు నీరసించిన ఎస్ఎంపీఎస్ కూడా 12 చూపించొచ్చు. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు పోయినా తన కెపాసిటర్లలో ఉన్నదానితో 16, 17 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది, యూపీఎస్ మారడానికి సాధారణంగా 10 లోపే పడుతుంది కాబట్టి సిస్టంకి తెలియదు. కెపాసిటర్లు ఎండిపోయిన పాతదైతే ఆ కాస్త కూడా ఆగలేదు. మీ యూపీఎస్ బ్యాటరీ కొత్తదే అయితే అనుమానం ఇటు రావాలి. తెలిసినవాళ్ల దగ్గర ఒక ఎస్ఎంపీఎస్ వారం పాటు అడిగి తెచ్చి పెట్టి చూడండి, దాన్ని విప్పి లోపల చెయ్యి మాత్రం పెట్టొద్దు, ప్లగ్ పీకాక కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

వేడి అయితే పట్టుకోవడం తేలిక, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడిని కొలిచి చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి, లాగింగ్ ఆన్ చేసి వదిలితే రీస్టార్ట్‌కి ముందు ఎంత ఉందో ఫైల్లో ఉంటుంది. ఐ5తో వచ్చిన ఫ్యానుకి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి, ఒకటి ఊడినా బయటికి తెలియదు, మెల్లగా కదిపి చూడండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ముందున్న రీసెట్ బటన్. దుమ్ముకో, తేమకో లోపల అతుక్కుని తనకు తానే నొక్కుకుంటుంది, లక్షణం అచ్చం మీరు చెప్పినట్టే ఉంటుంది. బోర్డు మీద రీసెట్ అని రాసి ఉన్న చిన్న రెండు పిన్నుల కనెక్టరు పీకేసి వదిలేయండి, ఆ బటన్ లేకపోతే మునిగేదేమీ లేదు.

ఏం చేసినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోట్‌బుక్‌లో రాయండి. ర్యామ్ మార్చాక నా సిస్టం ఐదు రోజులు బాగా నడిచింది, షాపతనికి ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పా, ఆరో రోజు మళ్లీ పడింది. ఆ ఐదు రోజులూ అదృష్టమే. మీకు ఎక్కువలో ఎక్కువ నాలుగు రోజుల గ్యాప్ వస్తోంది కాబట్టి, ఒక మార్పు తర్వాత కనీసం పన్నెండు రోజులు ఒక్కసారి కూడా పడకపోతేనే అది నిజంగా తగ్గిందని నమ్మండి. పన్నెండు రోజులు ఆగడం కష్టమే, మీ పిల్లల ఆన్‌లైన్ క్లాసులున్నాయన్నారు, అందుకే ముందు పైసా ఖర్చు లేనివి చేయమంటున్నా: యూపీఎస్ తప్పించడం, కేబుల్ మార్చడం, రీసెట్ కనెక్టరు పీకడం. ఇవన్నీ అయ్యాక, ర్యామ్, ఎస్ఎంపీఎస్ వేరేవి పెట్టి చూశాక కూడా పడుతూనే ఉంటే అప్పుడు బోర్డు గురించి మాట్లాడుకుందాం.

మీ మానిటరు ప్లగ్ యూపీఎస్‌కి ఉందా, గోడకి ఉందా? రీస్టార్ట్ అయినప్పుడు అది కూడా ఒక్క క్షణం ఆరుతోందా? ఈ రెండూ చూసి ఇక్కడే రాయండి, రాత్రి పని అయ్యాక చూస్తా.