చివరి వారంలో అడిగిన క్షమాపణకు రక్షణ ఉంటుందా?

జీవితమంతా తాగి అమ్మను కొట్టిన నాన్న, పోయే ముందు వారం ప్రభువును ఒప్పుకుంటే రక్షణ దొరికినట్టేనా, అమ్మ నమ్ముతున్నా నాకు మనసొప్పడం లేదు అని మీరు రాశారు. మా విశ్వాసం ప్రకారం దొరికినట్టే. బైబిల్లో ఎఫెసీ 2:8-9 చెప్పేది అదే: రక్షణ కృప వల్ల వచ్చేది, మన మంచి పనులకు కూలి కాదు.

మాది ఒంగోలు పక్క పల్లె, బాప్టిస్టు కుటుంబం. మాకు బాప్తిస్మం అంటే నీళ్లలో పూర్తిగా ముంచడమే. 1878 జూలై 3న, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగారన్న మాట వింటూ పెరిగాం. మా పెదనాన్న మాత్రం చర్చి గడప తొక్కలేదు. లివర్ పాడై మంచాన పడ్డాక, "మునక్కుండా పోతే ఎట్టయ్యా?" అని ఒకటే టెన్షన్. పాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకుని, "ప్రభువు పక్కన సిలువ మీద దొంగ ఏ గుండ్లకమ్మలో మునిగాడు పెద్దాయనా? ఆ రోజే పరదైసులో ఉంటావని ప్రభువు మాటివ్వలేదా?" అన్నారు. పెదనాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. (మా ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ బంధువులైతే ఫాదర్ గారిని పిలిపించి నూనెతో అభ్యంగనం చేయిస్తారు. మాకు ఆ సంస్కారం లేదు, మారుమనస్సే ముఖ్యం.)

పాస్టరు గారు అక్కడితో వదల్లేదు. "ఇంకెవరికైనా చెప్పుకోవాలా?" అని అడిగారు. ఉంది. మా నాన్నకూ వాటా ఉన్న పొగాకు బ్యారన్‌ను (ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టు) పెదనాన్న చెప్పకుండా అమ్ముకున్నాడు. 18 ఏళ్లు ఇద్దరికీ మాటల్లేవు. బైబిల్లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పెదనాన్న దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

కబురు పెడితే నాన్న వచ్చాడు. "తప్పు చేశాను తమ్ముడూ" అన్నాడు పెదనాన్న. నాన్న పలకలేదు. చెంచాతో నోట్లో నీళ్లు పోశాడు, అంతే. "క్షమించానని ఒక్క మాట అనరా" అని మేనత్త పట్టుబడితే పాస్టరు గారే ఆపారు: "దేవుడు క్షమించాడు. ఈయన్ని తొందరపెట్టొద్దమ్మా."

మీకు కూడా ఎవరో ఒకరు మత్తయి 20లోని ద్రాక్షతోట ఉపమానం చెబుతారు, చివరి గంటకు వచ్చినవాడికీ అదే కూలి ఇచ్చారని, సణగకూడదని. నిజమే. కానీ ఆ ఆఖరున వచ్చినవాడు ముందొచ్చినవాళ్లను కొట్టలేదు. మీ కోపం అవిశ్వాసం కాదండీ. అమ్మ నమ్మకాన్ని మాత్రం కదిలించకండి, ఆమెకు అది ఊపిరి.

నాలుగో రోజు పెదనాన్న ప్రభువునందు నిద్రించాడు. నాన్న ఆ మాట అన్నది ఏడాది తర్వాత, జ్ఞాపకార్థ కూటం అయిపోయి అందరూ భోజనాలకు లేచాక, ఖాళీ కుర్చీలు ఒకదాని మీద ఒకటి సర్దుతూ, నాతో.