లీకైన రహస్య పత్రాలు ప్రచురిస్తే జైలేనా?

ప్రభుత్వ రహస్య పత్రం ఎవరో లీక్ చేస్తే, దాన్ని ప్రచురించిన విలేకరి మీద కేసు పెట్టొచ్చా? మన దేశంలో పెట్టొచ్చు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం సెక్షన్ 5 ప్రకారం బయటపెట్టిన ఉద్యోగే కాదు, తెలిసి తీసుకున్నవారూ దోషులే. 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అయితే రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు మీద నడిచిన కేసు చూడండి. ఆ కొనుగోలుకు సంబంధించిన రక్షణ శాఖ కాగితాలను ‘ది హిందూ’ పత్రిక ప్రచురించింది. వాటిని కోర్టు పరిశీలించకూడదని కేంద్రం గట్టిగా వాదించింది. 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ‘రహస్యం’ అని ముద్ర ఉన్నంత మాత్రాన ప్రచురణను ఆపే అధికారం ఈ చట్టం ప్రభుత్వానికి ఇవ్వలేదంది. ప్రచురించాక కేసు పెట్టే దారి మాత్రం మిగిలే ఉంది. ప్రజల మేలు కోసమే రాశానని చెప్పుకునే రక్షణ ఈ చట్టంలో లేకపోవడం నా దృష్టిలో పెద్ద అన్యాయం.