సమ్మర్ ఫ్రూట్ క్రంబుల్ పైపొర మెత్తబడకుండా, గుడ్డు లేకుండా ఎలా చేయాలి?

అత్తగారూ మామగారూ వేసవికి ఇంగ్లండ్ వచ్చారనీ, వాళ్లు గుడ్డు ముట్టరనీ, ఫ్రోజెన్ సమ్మర్ ఫ్రూట్స్ ప్యాకెట్‌తో క్రంబుల్ (పండ్ల మీద మైదా, వెన్న, పంచదార నలిపిన పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) చేస్తే పైన పిండి ముద్దయిపోయి అడుగున చారులా నీళ్లు తేలాయనీ రాశారు. శనివారం మళ్లీ చేయాలన్నారు కదా, తప్పకుండా చేయండి. ఇక్కడి వేసవి పండ్లతో పెద్దవాళ్లకి చేసిపెట్టడానికి ఇంతకన్నా మంచి వంటకం నాకైతే తెలియదు.

గుడ్డు సంగతి ముందు తేల్చేద్దాం. క్రంబుల్‌లో దాని పనే లేదు. పక్కన పోసుకునే కస్టర్డ్‌కీ బెంగ అక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1837లో కస్టర్డ్ పొడి తయారుచేసిందే వాళ్లావిడకి గుడ్డు పడదని. ఆ పొడి కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడుతుంది, పాలల్లో కాచుకుంటే చాలు. ఫ్రిజ్ అరల్లో అమ్మే రెడీమేడ్ కస్టర్డ్‌లో మాత్రం చాలావాటిలో పచ్చసొన ఉంటుంది, కొనేముందు వెనకాల రాసింది చదవండి.

ఇక నీళ్ల సంగతి. మీరు పైపిండిని అనుమానిస్తున్నారు గానీ, నన్నడిగితే చూడాల్సింది పండ్లని. గడ్డకట్టినప్పుడు పండులోని నీరు మంచు పలుకులై లోపలి గోడల్ని చీల్చేస్తుంది. కరిగాక ఆ రసమంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. ప్యాకెట్‌లో స్ట్రాబెర్రీలు ఎక్కువుంటే మరీనూ. స్ట్రాబెర్రీ పచ్చిగా తినాల్సిన పండండీ, ఓవెన్‌లో రంగు పోయి మెత్తగా నీరుకారిపోతుంది. వాటిని ఏరి మీగడతో పెట్టేయండి. క్రంబుల్‌కి ప్రాణం పోసేది బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్లటి పండు. దాని పులుపూ వగరూ, పైనున్న వెన్న కమ్మదనానికి సరిగ్గా జోడీ. పైగా అందులో పెక్టిన్, అంటే జామ్‌ని గడ్డకట్టించే పదార్థం, ఎక్కువ, కాబట్టి రసం తనంతట తానే కొంత చిక్కబడుతుంది.

ఫ్రోజెన్ పండ్లే వాడాలంటే, చిల్లుల గిన్నెలో పోసి కింద ఇంకో గిన్నె పెట్టి పూర్తిగా కరగనివ్వండి. దిగిన రసాన్ని పారబోయకండి, రుచంతా అందులోనే ఉంది. చిన్న గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, చల్లారాక మళ్లీ పండ్లలో కలపండి. ఆరుగురికి 800 గ్రాముల పండ్లు, 80 నుంచి 100 గ్రాముల పంచదార, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్. కార్న్‌ఫ్లోర్‌ని ముందు పంచదారలో కలిపి ఆ తర్వాత పండ్ల మీద చల్లితే ఉండలు కట్టదు.

జూలైలో వీలైతే పిల్లల్ని తీసుకుని పిక్ యువర్ ఓన్ తోటకి, అంటే పండ్లు మనమే కోసుకుని కొనుక్కునే తోటకి, వెళ్లండి. మేం ఏటా వెళ్తాం. జూన్ చివర గూస్‌బెర్రీలు (మన ఉసిరి కాదు, ఇక్కడి పుల్లటి బెర్రీ), జూలైలో రాస్ప్‌బెర్రీలూ కరెంట్లూ, ఆగస్టు వచ్చేసరికి విక్టోరియా ప్లమ్స్. రెడ్‌కరెంట్లు గుత్తులుగా ఉంటాయి కదా, ఒక్కొక్కటీ తుంచుతూ కూర్చోకండి. కాడ పైకొసని పట్టుకుని ఫోర్కు పళ్ల మధ్యలోంచి కిందికి లాగితే పండ్లన్నీ జలజలా రాలిపోతాయి. గూస్‌బెర్రీకి అటూ ఇటూ ఉన్న తొడిమల్ని కత్తెరతో కత్తిరించండి. తాజా పండ్లకి రసం మరిగించే పని లేదు, కార్న్‌ఫ్లోర్ కూడా ఒకటిన్నర స్పూను చాలు.

పైపిండికి 200 గ్రాముల ప్లెయిన్ ఫ్లోర్, అంటే మన మైదా, 120 గ్రాముల వెన్న, 100 గ్రాముల డెమెరారా పంచదార (గోధుమరంగు ముతక పంచదార), ఒక గుప్పెడు ఓట్స్, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ కలిపి అమ్మే సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ వద్దు. వెన్న అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిందై ఉండాలి. చిన్న ముక్కలు కోసి మైదాలో వేసి వేళ్ల కొసలతోనే నలపండి, అరచేయి తగలనివ్వద్దు. మన చేతులకి చపాతీ పిండి అలవాటు కాబట్టి తెలియకుండానే కలిపి ముద్ద చేసేస్తాం, ఇక్కడ ఆ అలవాటుని ఆపుకోవాలి. పొడిపొడిగా ఉంటూ మధ్యమధ్యలో శనగగింజంత ఉండలు కనబడగానే ఆపేసి, పంచదారా ఓట్సూ కలిపి అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ గట్టిపడ్డ వెన్న ఓవెన్‌లో వెంటనే కారిపోదు. ఈలోగా పిండి ఉడికి కరకరలాడే ఉండలుగా నిలబడుతుంది. ఈ పొడిని ముందురోజే చేసి సంచీలో కట్టి ఫ్రీజర్‌లో ఉంచుకోవచ్చు కూడా.

వెడల్పాటి గిన్నెలో పండ్లు పరిచి, పొడిని పైనుంచి వదులుగా చల్లండి. చేత్తో అదమద్దు. అదిమితే కిందినుంచి వచ్చే ఆవిరికి దారి మూసుకుపోయి పిండి దాన్ని పీల్చుకుంటుంది. మీది ముద్దవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెన్నా పంచదారా రేషన్‌లో ఉన్నప్పుడు, పండ్లని పిండి పొరలో మూసి కాల్చే ‘పై’ (pie) అనే వంటకం కన్నా తక్కువ పిండీ కొవ్వూ పడుతుందని క్రంబుల్ ఈ దేశపు ఇళ్లలో బాగా వాడుకలోకొచ్చింది. అందుకే పైపొర మందంగా ఉండాలన్న పట్టింపు పెట్టుకోకండి. అక్కడక్కడా పండు కనబడితేనే బావుంటుంది.

ఫ్యాన్ ఓవెన్ అయితే 180 డిగ్రీలు, సుమారు 40 నిమిషాలు. కానీ గడియారం కన్నా గిన్నె అంచుల్ని నమ్మండి. మొదట అంచుల దగ్గర పల్చటి గులాబీ రంగు బుడగలు గబగబా వస్తాయి. పైన ఎర్రబడింది కదా అని అప్పుడే తీసేస్తే కార్న్‌ఫ్లోర్ పూర్తిగా ఉడకదు, రసం నీళ్లగానే మిగిలిపోతుంది. ఇంకాసేపటికి రసం ముదురు ఊదారంగుకి తిరిగి, కుతకుతమంటూ, బుడగలు నెమ్మదిగా లేచి బరువుగా పగులుతాయి. గిన్నె మధ్యలో కూడా అలా ఒకటి రెండు చోట్ల పొంగితే అయిపోయినట్టే. ఈలోగా పైన మాడుతోందనిపిస్తే ఫాయిల్ వదులుగా కప్పండి, ఓవెన్‌లోంచి తీయగానే ఫాయిల్ కూడా తీసేయండి. తీశాక పావుగంట ఆగండి, రసం చిక్కబడేది ఆ పావుగంటలోనే. మూత మాత్రం పెట్టొద్దు.

ఏలకులు వేయొచ్చా అని కూడా అడిగారు. ప్లమ్స్‌కీ ఆప్రికాట్లకీ బాగా కుదురుతాయి, వేయండి. బ్లాక్‌కరెంట్ ఉన్నచోట వద్దు, రెండు ఘాటు వాసనలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. గూస్‌బెర్రీలకైతే చిటికెడు శొంఠి చాలా బాగుంటుంది, మామగారికి నచ్చుతుందని నా నమ్మకం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు జూన్‌లో హిమాచల్ ప్లమ్స్ దొరికినప్పుడు ఓటీజీలో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. తొక్క తీయకుండా నాలుగు ముక్కలు కోసి, గింజ తీసేసి వాడండి. బంగినపల్లితో మాత్రం వద్దు. అందులో పులుపు చాలదు, తీపి మీద తీపి అయి రెండో చెంచాకే మొహం మొత్తుతుంది. వెన్న ఉప్పుదైతే విడిగా ఉప్పు వేయకండి.

మిగిలితే మర్నాడు ఓవెన్‌లోనే వేడిచేయండి, మైక్రోవేవ్‌లో పెడితే పైపొర మళ్లీ మెత్తబడుతుంది. శనివారం ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి. అంచుల దగ్గర ఏం కనిపించిందో కూడా చెబితే, ఇంకేమైనా సర్దాలేమో చూద్దాం.