ఉర్దూ మీడియం ఎయిడెడ్ బడిలో అభివృద్ధి నిధి కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా పాప ఉర్దూ మీడియం ఎయిడెడ్ పాఠశాలలో రెండో తరగతి చదువుతోంది. ఈ ఏడాది అభివృద్ధి నిధి పేరుతో రూ.4,000 అడిగి, నంబరు లేని తెల్ల చీటీ ఇచ్చారు. 'తల్లికి వందనం వచ్చిందిగా, అందులోంచి కట్టండి' అన్నారు. సర్కారు తెలుగు బడిలో పైసా లేదు. భాష వేరైనందుకే ఈ భారమా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే, కానీ ఫీజును నిర్ణయించేది భాష కాదు, బడిని నడిపేది ఎవరు, ప్రభుత్వ గ్రాంటు అందుతోందా అన్నవే. మైనారిటీల యాజమాన్యమన్న కారణంతో గ్రాంటులో వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 30(2) అధికరణం చెబుతోంది. ప్రాథమిక దశలో భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో బోధన సదుపాయం కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని 350-ఎ నిర్దేశిస్తోంది. అయితే గ్రాంటు పొందడం ప్రాథమిక హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఉర్దూలో బోధించినంత మాత్రాన అది మైనారిటీ సంస్థ అయిపోదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ హోదా లేకపోతే 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. అప్పుడు ఎయిడెడ్ బడి తన ఖర్చులో గ్రాంటు వాటా ఎంతో ఆ నిష్పత్తిలో, కనీసం 25 శాతం మంది పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలి. హోదా ఉంటే, 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ చట్టం వర్తించదు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులోనే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తంచేసి, విషయాన్ని మరింత మంది న్యాయమూర్తులుండే విస్తృత ధర్మాసనానికి నివేదించేందుకు ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది గాని, అది తేలేవరకు పాత తీర్పే చెల్లుతుంది.

అంతమాత్రాన యాజమాన్యానికి స్వేచ్ఛ దొరికినట్టు కాదు. నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేసే సొమ్మును రాష్ట్రంలోని 1983 నాటి చట్టం క్యాపిటేషన్ ఫీజు (అక్రమ అదనపు వసూలు)గానే పరిగణించి నిషేధించింది. ఇక తల్లికి వందనం విషయానికొస్తే, 2025లో ఇచ్చిన రూ.15,000లో రూ.2,000 పాఠశాలల నిర్వహణకు మినహాయించి రూ.13,000 తల్లుల ఖాతాల్లో వేశారు. ఆ సొమ్ము మీది, దానిపై యాజమాన్యానికి హక్కు లేదు.

ఆ తెల్ల చీటీని పారేయకండి. పాఠశాలకు మైనారిటీ హోదా ఇచ్చిన ఉత్తర్వు, గ్రాంటు ఉత్తర్వు, ఆమోదిత ఫీజుల వివరాల నకళ్లు కోరుతూ జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో సమాచారహక్కు దరఖాస్తు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అభివృద్ధి నిధికి ఆమోదం లేదని తేలితే, చీటీ నకలు జతచేసి అదే అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఈలోగా నంబరున్న రసీదు ఇవ్వకుండా అడిగితే రూపాయి కూడా కట్టవద్దు.