వేగం వేరు, మేర వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పిల్లల కోసం రసాయన సమతాస్థితిపై నీవు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కాని మూడో పేరాలో ‘సమతాస్థితికి చేరగానే చర్య ఆగిపోతుంది’ అన్న వాక్యం కింద ఎర్ర గీత గీయక తప్పలేదు. ఆగేది చర్య కాదు, మన కంటికి కనిపించే మార్పు. పురోగామి (ముందుకు సాగే) చర్య ఎంత వేగంతో సాగుతుందో తిరోగామి (వెనక్కి వచ్చే) చర్య కూడా అంతే వేగంతో సాగుతుంది కనుకనే గాఢతలు కదలకుండా ఉంటాయి. ఇక్కడ మన పారిభాషిక పదమే కొంత తికమక పెడుతుంది: ‘సమత’ అనగానే త్రాసు పళ్లాలు సరితూగిన దృశ్యం మనసులో మెదిలి, చర్యలో పాల్గొనే క్రియాజనకాలు, వాటి నుంచి ఏర్పడే క్రియాజన్యాలు చెరిసగం ఉంటాయని విద్యార్థి అనుకుంటాడు. సమానమయ్యేవి వేగాలు. పదార్థాల పాళ్లు మారకుండా ఉంటాయంతే. ఒకటి తొంభై, మరొకటి పది అయినా కావచ్చు.

నీ చెరువు పోలిక అందంగానే ఉంది, అయినా తీసేయమంటాను. కాలువ ద్వారా వచ్చినంత నీరు అలుగు మీదుగా పోతుంటే మట్టం మారదన్నది నిజమే, కాని పోయిన నీరు వెనక్కి రాదు. సమతాస్థితికి మూసిన పాత్ర కావాలి. సగం దాకా నీళ్లు పోసి మూత గట్టిగా బిగించిన సీసా చాలు: ఆవిరైనన్ని అణువులూ తిరిగి నీటిలో చేరుతూనే ఉంటాయి. (దండెం మీద ఆరేసిన బట్టకు ఆ యోగం లేదు.)

అసలు చిక్కు వేరే ఉంది. చర్య ఎంత త్వరగా జరుగుతుంది, ఎంత మేరకు జరుగుతుంది అన్న రెండు ప్రశ్నలను నీవు కలిపేశావు. తొలి రోజుల్లో నేనూ ఇదే పొరపాటు చేసి, ఉత్ప్రేరకం (చర్య వేగాన్ని పెంచి తాను ఖర్చుకాని పదార్థం) వేస్తే సమతాస్థితిలో అమ్మోనియా వాటా పెరుగుతుందని ఒక పత్రికలో రాశాను. వారం తిరగకముందే ఒక లెక్చరర్ గారి పోస్టుకార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ప్రశ్న: ‘వెనక్కి వచ్చే చర్యను ఎవరు ఆపారు?’ ఉత్ప్రేరకం ఉత్తేజిత శక్తిని, అంటే చర్య మొదలవడానికి కావలసిన కనీస శక్తిని, రెండు దిశలకూ తగ్గిస్తుంది. గమ్యానికి త్వరగా చేరుస్తుందే తప్ప గమ్యాన్ని మార్చదు.

ఈ రెండు ప్రశ్నల పెనుగులాట చూపడానికి అమ్మోనియా తయారీని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా కావడం ఉష్ణమోచక (వేడిని వెలువరించే) చర్య కనుక, లే చాట్లియర్ సూత్రం (మనం తెచ్చిన మార్పును తగ్గించే వైపు సమతాస్థితి జరుగుతుందనేది) ప్రకారం చల్లగా ఉంటేనే సమతాస్థితి అమ్మోనియా వైపు మొగ్గుతుంది. అయితే నైట్రోజన్ అణువులోని త్రిబంధం ఎంత గట్టిదంటే, గది ఉష్ణోగ్రత వద్ద చర్య జరిగినట్టే కనిపించదు. వేడి పెంచితే వేగం వస్తుంది, దిగుబడి పోతుంది. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో సాధించిన దాన్ని కార్ల్ బాష్ 1913 నాటికి ఓపౌ కర్మాగారానికి ఎక్కించగలిగింది ఈ బేరంలో రాజీపడటం వల్లనే: సుమారు 450 డిగ్రీల సెల్సియస్, 200 అట్మాస్ఫియర్ల పీడనం, ఇనుము ఉత్ప్రేరకం. నాలుగు మోల్‌ల (మోల్ అంటే అణువుల సంఖ్యకు కొలమానం) వాయువు రెండు మోల్‌లు అవుతుంది, అణువులు తగ్గే వైపుకే ఒత్తిడి నెడుతుంది కనుక పీడనం పనికొస్తుంది. ఇంతా చేస్తే ఒక్క విడతలో మారేది దాదాపు 15 శాతమే. అందుకే అమ్మోనియాను చల్లబరచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. మన పొలాల్లో చల్లే యూరియా ఇలాంటి అమ్మోనియా నుంచే వస్తుంది. పిల్లలకు ఆ మాట తప్పక చెప్పు.

చరిత్రతో మొదలుపెట్టాలనుకుంటే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్తొలే చాలు. నెపోలియన్ దండయాత్ర వెంట 1798లో ఈజిప్టు వెళ్లిన ఆయన, అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడియం కార్బొనేట్ పేరుకుని ఉండటం చూశాడు. ప్రయోగశాలలో ఎదురు దిశలో నడిచే చర్య, విపరీతమైన ఉప్పు గాఢత వల్ల అక్కడ తిరగబడిందని గ్రహించాడు.

తిరగరాసి పంపు. పంపే ముందు సమీకరణాన్ని ఒకసారి చూసుకో. రెండు దిశలకూ రెండు బాణాలు ఉండాల్సిన చోట ఈ ప్రతిలో ఒకే బాణం వేశావు.